దినములు లెక్కించుకొనే దంపతులు
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినమున మాట్లాడబోయే సంగతి పుల్‌పిట్ మీద సాధారణంగా వినబడనిది. రేడియో దగ్గర చిన్నపిల్లలు ఉంటే దయచేసి వాళ్ళను ఆడుకోవడానికి పంపండి. భార్యాభర్తలు మాత్రం ఇద్దరూ కలిసి కూర్చుని వినండి. ఒక్కరే వింటే ఈ సంగతి సగమే అర్థమవుతుంది. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

గర్భం రాకుండా హార్మోను మాత్రలు వాడుతున్న కొందరు సహోదరీలు వాటిని మానేసి, నెలసరి దినాలను, శరీర సూచనలను గమనించే సహజ పద్ధతికి మారాలనుకుంటున్నారు. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండటం, మనసు బాగుండకపోవడం కొందరి కారణాలు. మనస్సాక్షి మరికొందరి కారణం. వీరు డాక్టరమ్మను అడగడానికి సిగ్గుపడతారు. పాస్టరును అడగడానికి ఇంకా సిగ్గుపడతారు. చివరకు వంటింట్లో అమ్మగారి చెవిలో చెబుతారు. అమ్మగారు వచ్చి నాతో చెబుతారు. అప్పుడు నేనేం చెప్పాలి?

మొదట నా తప్పు ఒకటి ఒప్పుకోనివ్వండి. నేను సెమినరీ నుండి వచ్చిన తొలి సంవత్సరాలలో ఒక యౌవన దంపతులు ఇదే ప్రశ్నతో వచ్చారు. అప్పటికి వారికి ఇద్దరు పిల్లలు. ఆమెకు రక్తపోటు ఉంది. "మాత్రలు మానేయండమ్మా. దినాలు లెక్కపెట్టుకోండి, మిగిలినది దేవునికి విడిచిపెట్టండి" అన్నాను. ఏ దినాలో, ఎలా లెక్కపెట్టాలో నాకే సరిగా తెలియదు. ఎక్కడో చదివిన ముక్క ఒకటి చెప్పాను. ఆమెకు నెలసరి క్రమంగా రాదని నేను అడగలేదు. నాలుగు నెలలు తిరగకుండానే గర్భం నిలిచింది. ఏడవ నెలలో రక్తపోటు విపరీతంగా పెరిగి ఆమెను ఆసుపత్రిలో చేర్చారు. తొమ్మిది దినాలు ఐ.సి.యు. గుమ్మం ముందు నేను, ఆమె భర్త కూర్చున్నాము. దేవుడు కనికరించాడు, తల్లీబిడ్డలు బ్రతికారు. ఇంటికి వచ్చిన తరువాత ఆ సహోదరి నన్ను ఒక్క మాట అడిగింది. "అయ్యగారూ, ఆ రోజు మీరు చెప్పింది వాక్యమా, లెక్కా?"

వాక్యము కాదు. లెక్క కూడా సరైనది కాదు. ఆ ప్రశ్న నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. అప్పటి నుండి ఈ విషయపు చరిత్రను చదవడం మొదలుపెట్టాను. చదివిన కొలది ఒక సంగతి తేటపడింది. తప్పు లెక్కను నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. మానవజాతి దాదాపు రెండువేల సంవత్సరాలు తప్పు లెక్కనే నమ్మింది.

రెండువేల యేండ్ల తప్పు లెక్క

స్త్రీకి కొన్ని దినాలలో గర్భం నిలుస్తుంది, కొన్ని దినాలలో నిలవదు అని పూర్వులకు తెలుసు. అయితే అవి ఏ దినాలో తెలియదు. ముట్టు ఆగిన వెంటనే వచ్చే దినాలే ఎక్కువ ఫలించే దినాలని గ్రీకు, రోమా వైద్యులు అనుకున్నారు. సంఘ పితరుడైన అగస్టీను 388వ సంవత్సర ప్రాంతంలో మానికీయులను ఖండిస్తూ వ్రాసిన గ్రంథంలో ఈ ఆచారాన్ని ప్రస్తావించాడు. పిల్లలు పుట్టడం చెడ్డదని భావించిన ఆ మతస్థులు, శుద్ధి అయిన తరువాతి దినాలలో దూరంగా ఉండమని తమ వారికి చెప్పేవారట. దానిమీద అగస్టీను కోపగించాడు గాని, లెక్కే తప్పని ఆయనకూ తెలియదు, మానికీయులకూ తెలియదు.

పంతొమ్మిదవ శతాబ్దంలో కూడా వైద్యులు ఈ తప్పులోనే ఉన్నారు. జంతువులు ఎదకు వచ్చినప్పుడు కనబడే రక్తమూ, స్త్రీ నెలసరి రక్తమూ ఒకటేనని భావించి, "నెల మధ్యలో ఉండే దినాలు క్షేమమైనవి" అని దంపతులకు సలహా ఇచ్చారు. ఈ రోజు మనకు తెలిసిన దాని ప్రకారం గర్భం నిలిచే అవకాశం ఎక్కువగా ఉన్నది సరిగ్గా ఆ దినాలలోనే! ఎంతమంది తల్లులు ఆ సలహాను నమ్మి మోసపోయారో మనం ఊహించుకోవలసిందే. ఆ శతాబ్దంలోనే, 1853లోను 1880లోను, రోమను కతోలిక సంఘ అధికారులు ఇలా దినాలు చూసుకునే దంపతులను ఇబ్బంది పెట్టనవసరం లేదని తమ గురువులకు జవాబిచ్చారు. అనుమతి దొరికింది. అయితే అనుమతి దొరికిన ఆ లెక్క తప్పు లెక్క.

జపానులో ఒకరు, ఆస్ట్రియాలో ఒకరు

1924లో జపాను దేశపు నీగాటా పట్టణంలో క్యుసాకు ఒగీనో అనే స్త్రీల వైద్యుడు ఒక కొత్త మాట ప్రకటించాడు. శస్త్రచికిత్సల సమయంలో అండాశయాలను పరిశీలించి, స్త్రీలు చెప్పిన నెలసరి తేదీలతో పోల్చి ఆయన ఈ సంగతి కనుగొన్నాడు. మనం అంతవరకు ముందు నుండి లెక్కపెడుతున్నాము, వెనుక నుండి లెక్కపెట్టాలి అన్నాడు. అంటే, అండం విడుదలయ్యేది గడచిన ముట్టును బట్టి కాదు, రాబోయే ముట్టుకు సుమారు 12 నుండి 16 దినాల ముందు. కొద్ది సంవత్సరాల తరువాత ఆస్ట్రియాలో హెర్మన్ క్నాస్ అనే వైద్యుడు ఒగీనోతో సంబంధం లేకుండానే, వేరే పరిశోధనల ద్వారా ఇంచుమించు ఇదే నిర్ణయానికి వచ్చాడు.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ఒగీనో ఈ లెక్కను కోరుకున్నది ప్రధానంగా పిల్లలు లేని స్త్రీల కోసం. గర్భాన్ని తప్పించుకోవడానికి దీనిని వాడితే చాలామంది పొరబడతారని ఆయనే హెచ్చరించాడు. అయినా లోకం దానిని రెండవ పనికే ఎక్కువగా వాడుకుంది. 1930లో స్మల్డర్స్ అనే డచ్చి వైద్యుడు దీనిని గర్భనిరోధక పద్ధతిగా మలిచాడు. 1932లో అమెరికాలో లియో లాట్జ్ అనే వైద్యుడు సామాన్యుల కోసం పుస్తకం వ్రాశాడు. "రిథమ్ పద్ధతి" అన్న పేరు ఇంటింటికీ వెళ్ళింది.

ఆ లెక్క ఇలా ఉంటుంది. ఆరు నెలలకు తక్కువ కాకుండా నెలసరి తేదీలు వ్రాసుకోవాలి. అన్నిటికన్నా చిన్న చక్రంలో నుండి 18 తీసివేయాలి, అన్నిటికన్నా పెద్ద చక్రంలో నుండి 11 తీసివేయాలి. ఒకామెకు చిన్నది 26 దినాలు, పెద్దది 32 దినాలు అనుకుందాం. అప్పుడు 8వ దినము నుండి 21వ దినము వరకు గర్భం నిలిచే అవకాశం ఉన్నట్లు లెక్క. చూశారా, నెలలో దాదాపు సగం దినాలు! చక్రం క్రమం తప్పే స్త్రీకి ఇంకా ఎక్కువ. జ్వరం వచ్చినా, మనోవేదన కలిగినా, ప్రయాణం చేసినా అండం విడుదల వెనక్కి పోవచ్చు. అందుకే కేలండరును నమ్ముకున్న కుటుంబాలలో అనుకోని పిల్లలు పుట్టారు. వారిని చూసి లోకం నవ్వింది కూడా.

1951వ సంవత్సరము

ఇప్పుడు మిమ్మును 1951వ సంవత్సరానికి తీసుకువెళతాను. ఆ ఒక్క సంవత్సరంలో లోకంలో మూడు చోట్ల మూడు సంగతులు జరిగాయి.

మొదటిది మెక్సికో నగరంలో. అడవి కందగడ్డ జాతి దుంపల నుండి హార్మోనులు తయారుచేయవచ్చని రస్సెల్ మార్కర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అప్పటికే చూపించాడు. ఆ దారిలో 1951 అక్టోబరులో కార్ల్ జెరాస్సీ బృందంలోని లూయిస్ మిరామోంటెస్ అనే యువ విద్యార్థి నోరెథిండ్రోన్ అనే పదార్థాన్ని తయారుచేశాడు. నోటితో మింగినా పనిచేసే హార్మోను అది. గర్భనిరోధక మాత్రకు ఒక వేరు అక్కడ పడింది.

రెండవది రోము నగరంలో. అదే అక్టోబరు నెలలో పన్నెండవ పయస్ పోపు మంత్రసానులతో మాట్లాడుతూ, గంభీరమైన కారణాలున్న దంపతులు క్షేమ దినాలను అనుసరించవచ్చని బహిరంగంగా చెప్పాడు.

మూడవది మన దేశంలో. స్వతంత్ర భారతదేశపు మొదటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ గారు. ఆమె క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగిన స్త్రీ, గాంధీగారి శిష్యురాలు. జనాభా పెరుగుతున్నది, తల్లులు వరుస కాన్పులతో చనిపోతున్నారు. అయితే కృత్రిమ సాధనాలకు ఆమె మనస్సు ఒప్పుకోలేదు. 1935 డిసెంబరులో మార్గరెట్ సాంగర్ వార్ధాకు వచ్చి గాంధీగారితో వాదించినప్పుడు, ఆయన కూడా ఇతర సాధనాలను ఒప్పుకోలేదు గాని, క్షేమ దినాల పద్ధతిలో కొంత ఆత్మనిగ్రహం ఉన్నది కనుక అది తనకు అంత అభ్యంతరంగా తోచలేదన్నారు. అమృత్ కౌర్ గారు ఆ దారినే పట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థను పిలిచారు. న్యూయార్కు నుండి డాక్టరు అబ్రహాము స్టోన్ వచ్చాడు. ఢిల్లీలోని లోడీ కాలనీలోను, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలోను ప్రయోగం మొదలైంది.

చదువురాని స్త్రీలకు కేలండరు ఎలా నేర్పాలి? స్టోన్ గారు పూసల దండ ఇచ్చాడు. క్షేమ దినాలకు ఒక రంగు పూసలు, గర్భం నిలిచే దినాలకు మరొక రంగు పూసలు. దినమునకు ఒక పూస జరపాలి. ఎంత చక్కని ఆలోచన! అయితే ఏం జరిగింది? కొందరు పూస జరపడం మరచిపోయారు. కొందరికి మెడలో వేసుకోవడం సిగ్గయింది. ఆ దండ వేసుకుంటే, పూస జరిపితే చాలు, గర్భం రాదనుకున్నవారు కూడా ఉన్నారు! చాలామంది కొద్ది నెలల్లోనే మానేశారు. చివరకు ప్రయోగం విఫలమైందని తేలింది.

ఆ పల్లె స్త్రీలను చూసి నవ్వకండి. పూస జరిపితే చాలుననుకున్న ఆమెకూ, "లెక్కపెట్టుకోండి, దేవుడు చూసుకుంటాడు" అన్న నాకూ తేడా ఏమున్నది? ఇంకొక సంగతి. ఆ దండను భార్య చేతికిచ్చారు. ఎర్రపూస వచ్చిన రాత్రి భర్త ఒప్పుకోకపోతే ఆమె ఏం చేయాలి? ఆ ప్రశ్నకు దండలో పూస లేదు.

మాత్ర నడిచిన దారి

ఇక మాత్ర సంగతి. మార్గరెట్ సాంగర్ ప్రోత్సాహంతో, కేథరిన్ మెక్‌కార్మిక్ అనే ధనవంతురాలి సొమ్ముతో, గ్రెగరీ పింకస్, ఎం.సి. చాంగ్ అనే శాస్త్రజ్ఞులు పరిశోధన చేశారు. వారితో చేరిన స్త్రీల వైద్యుడు జాన్ రాక్. ఆయన ప్రతిదినం గుడికి వెళ్ళే భక్తిగల కతోలికుడు. ఈయనే 1936లో బోస్టన్‌లో రిథమ్ పద్ధతి నేర్పే క్లినిక్కు తెరిచాడు! ఒకే మనిషి రెండు దారులకూ ద్వారం తెరిచాడన్నమాట. కొన్ని దినాలు మాత్ర, తరువాత కొన్ని దినాలు విరామం అన్న ఏర్పాటు వలన స్త్రీకి నెలనెలా రక్తస్రావం కనబడుతుంది. ఇది సహజమైన లయకు పొడిగింపేనని రాక్ వాదించాడు. 1963లో పుస్తకం కూడా వ్రాశాడు. తన సంఘం ఒప్పుకుంటుందని ఆశించాడు. 1968లో ఆరవ పౌలు పోపు వెలువరించిన లేఖ మాత్రను నిరాకరించింది. రాక్ హృదయం గాయపడింది.

సహోదరీలారా, మాత్రలు వేసుకునేటప్పుడు నెలనెలా కనబడే రక్తస్రావం అసలైన ముట్టు కాదు. హార్మోను ఆపినందువలన వచ్చేది. ఈ ముక్క జ్ఞాపకముంచుకోండి, తరువాత పనికివస్తుంది.

1956లో పోర్టోరికో ద్వీపంలో బీద స్త్రీల మీద పెద్ద ప్రయోగం జరిగింది. ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందు అని వారికి చెప్పలేదు. అక్కడ పని చూసిన డాక్టరు ఎడ్రిస్ రైస్-రే అనే స్త్రీ, మందు పనిచేస్తున్నది గాని దుష్ఫలితాలు ఎక్కువగా ఉన్నాయని నివేదించింది. పెద్దలు ఆమె మాటను తేలికగా తీసుకున్నారు. 1960లో అమెరికా ప్రభుత్వం ఎనోవిడ్ మాత్రకు గర్భనిరోధకంగా అనుమతి ఇచ్చింది. మొదటి మాత్రలో ఈస్ట్రోజెన్ జాతి హార్మోను 150 మైక్రోగ్రాములు. నేటి సాధారణ మాత్రలలో అది 20 నుండి 35 మైక్రోగ్రాములు మాత్రమే. అంత మోతాదు ఎందుకు తగ్గింది? 1961 నుండి రక్తం గడ్డకట్టిన కేసులు బయటపడ్డాయి. 1969లో బార్బరా సీమన్ అనే రచయిత్రి మాత్ర మీద వైద్యుల సాక్ష్యాలను పుస్తకంగా తెచ్చింది. 1970లో అమెరికా సెనేటులో విచారణ జరిగింది. మాత్ర మింగేది స్త్రీలు, అయితే సాక్ష్యం చెప్పడానికి ఒక్క వాడకందారును కూడా పిలవలేదు! యువతులు లేచి సభలోనే ప్రశ్నించారు. ఆ తరువాతనే మాత్రల పెట్టెలో హెచ్చరిక కాగితం పెట్టడం మొదలైంది. ఈ దినము మీరు మందుల షాపులో కొన్న పెట్టెలో మడతపెట్టి ఉన్న ఆ సన్నని కాగితం వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

న్యాయంగా రెండవ వైపు కూడా చెప్పాలి. ఆ మాత్ర లక్షలాది స్త్రీలను వరుస కాన్పుల నుండి, అపాయకరమైన గర్భాల నుండి కాపాడింది. అండాశయ కాన్సరు అపాయాన్ని తగ్గిస్తుందని కూడా తరువాత తెలిసింది. కనుక మాత్రను సాతాను పనిముట్టు అని పుల్‌పిట్ మీద నుండి తిట్టడం జ్ఞానము కాదు.

కేలండరు నుండి శరీరము వైపు

ఇంతలో మరొక దారి నెమ్మదిగా సిద్ధమైంది. కేలండరు నిన్నటి నెలను చెబుతుంది, ఈ నెలను చెప్పదు. ఈ నెలను శరీరమే చెప్పాలి. 1930వ దశకంలో జర్మనీలో విల్హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే కతోలిక గురువు, కేలండరును నమ్మి గర్భవతులైన తన సంఘ స్త్రీలను చూసి బాధపడ్డాడు. అండం విడుదలైన తరువాత శరీరపు వేడి కొద్దిగా పెరుగుతుందని చదివి, ఉదయం లేవగానే థర్మామీటరు పెట్టుకోమని నేర్పాడు. పెరిగేది ఎక్కువేమీ కాదు, 0.2 డిగ్రీల సెల్సియస్ లేక కొంచెం ఎక్కువ. అయితే వరుసగా మూడు దినాలు అలా నిలబడితే అండం విడుదలై పోయినట్లు గుర్తు. తప్పుడు సలహా వలన బాధపడిన స్త్రీలను చూసి ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆ గురువును గూర్చి చదివినప్పుడు నేను సిగ్గుపడ్డాను.

1953లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మారిస్ కటారినిచ్ అనే గురువు డాక్టరు జాన్ బిల్లింగ్స్ సహాయం కోరాడు. బిల్లింగ్స్ నరముల వైద్యుడు, స్త్రీల వైద్యుడు కాడు. ఆయన పాత వైద్య గ్రంథాలు వెదకి, స్త్రీలనే అడిగాడు. అండం విడుదలయ్యే దినాలు దగ్గరపడినప్పుడు గర్భాశయ ముఖద్వారం నుండి వచ్చే స్రావం మారుతుందని, పలుచగా, జారుడుగా, పచ్చి కోడిగ్రుడ్డు తెల్లసొనవలె సాగుతుందని వారు చెప్పారు. వేలాది సంవత్సరాలుగా స్త్రీలు చూస్తూనే ఉన్నారు. అయితే వారిని అడిగినవారు లేరు. ఆయన భార్య ఎవెలిన్ గారు కూడా డాక్టరే. ఆమె చేరిన తరువాత ఆ బోధ స్త్రీల భాషలోకి వచ్చింది. జేమ్స్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు హార్మోనులను కొలిచి, స్త్రీలు చెప్పింది నిజమని చూపించాడు. ఆస్ట్రియాలో జోసెఫ్ రోట్జర్ అనే వైద్యుడు స్రావము, వేడి రెండింటినీ కలిపి చూసే పద్ధతిని రూపొందించాడు.

ఆ తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాలలో బిల్లింగ్స్ పద్ధతిని పరీక్షించింది. న్యూజీలాండ్, ఐర్లాండ్, ఫిలిప్పీన్స్, ఎల్ సాల్వడార్, అయిదవది మన భారతదేశం. మన కేంద్రము బెంగుళూరు. 1981లో ఫలితాలు వచ్చాయి. నూటికి 93 మంది స్త్రీలు మొదటి నెలలోనే తమ సూచనలను గుర్తుపట్టగలిగారు. పల్లె స్త్రీలకు ఇది అర్థం కాదన్న మాట అబద్ధమైంది. అయితే ఏడాదిలో నూటికి సుమారు 22 మందికి గర్భం వచ్చింది. ఎందుకు? వాటిలో ఎక్కువ భాగం లెక్క తప్పినందువలన కాదు. ఈ దినము గర్భం నిలిచే దినమని తెలిసి కూడా దంపతులు దూరంగా ఉండనందువలన. 2007లో జర్మనీలో ప్రకటించిన ఒక పెద్ద పరిశీలనలో 900 మంది స్త్రీలు, శిక్షణ పొందినవారు, రెండు సూచనలనూ కలిపి పాటించారు. వారిలో ఏడాదికి నూటికి ఇద్దరి కంటె తక్కువ మందికే అనుకోని గర్భం వచ్చింది. శిక్షణ ఉన్న చోటికీ లేని చోటికీ అంత తేడా.

స్టోన్ గారి పూసల దండ కూడా తిరిగి లేచింది. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వారు 32 పూసల దండను తయారుచేసి పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రకటించారు. చక్రం 26 నుండి 32 దినాల మధ్య ఉండే స్త్రీలకే అది. 8 నుండి 19 వరకు దూరంగా ఉండాలి. మన జార్ఖండ్‌లో కూడా దానిని నేర్పారు. ఈసారి భర్తలకు కూడా నేర్పాలన్న పాఠం వారు నేర్చుకున్నారు.

మన ప్రొటెస్టెంటు సంఘాలు

మన సంఘాల సంగతేమిటి? 1930 వరకు ప్రొటెస్టెంటులు కూడా గర్భనిరోధానికి వ్యతిరేకులే. ఓనాను కథను అందరూ ఒకే విధంగా బోధించేవారు. 1930లో ఆంగ్లికను బిషప్పుల లాంబెత్ సమావేశం 193 ఓట్లకు 67 ఓట్లతో, తగిన కారణముంటే దంపతులు ఇతర పద్ధతులు కూడా వాడవచ్చని ఒప్పుకుంది. 1958లో అదే సమావేశం కుటుంబ పరిమాణాన్ని దంపతుల మనస్సాక్షికి అప్పగించింది. కనుక మాత్ర వచ్చినప్పుడు మనవారు ఎక్కువగా ప్రశ్నించలేదు.

తిరిగి ప్రశ్న లేచింది 1990వ దశకంలో. 1997లో ర్యాండీ ఆల్కార్న్ అనే అమెరికా రచయిత, ఫలదీకరణ జరిగిన తరువాత కూడా మాత్ర పనిచేస్తుందేమోనని పుస్తకం వ్రాశాడు. మాత్ర ప్రధానంగా అండం విడుదల కాకుండా ఆపుతుంది. మిగిలినది విశ్వాసులైన వైద్యుల మధ్యనే వాదంగా ఉన్నది. 2002లో శామ్, బెతనీ టొరోడ్ అనే యౌవన ప్రొటెస్టెంటు దంపతులు సహజ పద్ధతిని ఎంతో పొగడుతూ పుస్తకం వ్రాశారు. అనేకమంది మాత్రలు మానేశారు. అయితే 2006లో ఆ దంపతులే తమ అభిప్రాయాన్ని మార్చుకున్నట్లు బహిరంగంగా ప్రకటించారు. ఆ పద్ధతి తమ కాపురానికి భారమైందని ఒప్పుకున్నారు. పుస్తకం వ్రాసినవారు తమ మాట వెనక్కి తీసుకోవడానికి ఎంత దీనమనస్సు కావాలి! సహజ పద్ధతిలో ఆశీర్వాదం ఉంది, కష్టమూ ఉంది. రెండూ చెప్పేవాడే నమ్మకమైన బోధకుడు.

మన ఇంటి సంగతి

మన తెలుగు దేశంలో ఈ చరిత్ర వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. మాత్రలు వాడేవారు చాలా కొద్దిమంది. మన అమ్మలకు దినాలు లెక్కపెట్టే అవసరం కలగలేదు. ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, అంతే. ఇప్పుడు చదువుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ, ఆలస్యంగా పెండ్లి చేసుకున్న మన బిడ్డలు హైదరాబాదులోను, దూరదేశాలలోను మాత్రలు వాడుతున్నారు, మానుతున్నారు, ఫోనులో యాప్ పెట్టుకుని లెక్కచూస్తున్నారు. వారికి చెప్పడానికి ఇంట్లో పెద్దలకు అనుభవం లేదు. అందుకే సంఘం మాట్లాడాలి.

మాత్రలు మాని ఈ పద్ధతికి మారాలనుకునే సహోదరీ, నేను ఆ దినము చెప్పవలసి ఉండి చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను.

మొదట డాక్టరు దగ్గరకు వెళ్ళు. ఆ మాత్రలు నీకు గర్భం కోసమే ఇచ్చారా, వేరే జబ్బు కోసం ఇచ్చారా తెలుసుకో. రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు ఉండి గర్భం నీ ప్రాణానికి అపాయమైతే ఈ పద్ధతిని ఒంటరిగా నమ్ముకోవద్దు. మాత్రలు వాడిన నెలల తేదీలతో లెక్క వేయవద్దు. అవి మాత్ర చేసిన లెక్క, నీ శరీరపు లెక్క కాదు. మాత్ర మానిన తరువాత కొన్ని నెలలు చక్రం అటూ ఇటూ కావచ్చు. మానిన వెంటనే గర్భం కూడా రావచ్చు. కనుక సూచనలు బాగా నేర్చుకునే వరకు దూరంగా ఉండటమో, కండోమ్ వంటి సాధనం వాడటమో నిర్ణయించుకోండి. మూడు నెలల ఇంజెక్షను తీసుకున్నవారికి చక్రం కుదురుకోవడానికి ఇంకా ఎక్కువకాలం పడుతుంది. అండం ఒక దినమే బ్రతుకుతుంది, పురుష బీజం అయిదు దినాల వరకు నిలిచి ఉండగలదు. అందుచేత గర్భం నిలిచేవి ఒక్క దినం కాదు, సుమారు ఆరు దినాలు. రాత్రి డ్యూటీలు చేసేవారికి, జ్వరం వచ్చినవారికి థర్మామీటరు లెక్క చెడిపోతుంది. యాప్ చెప్పే తేదీ అంచనా మాత్రమే. శిక్షణ పొందిన వ్యక్తి దగ్గర కూర్చుని నేర్చుకోండి. పాలిచ్చే తల్లికి గర్భం రాదని మన నాయనమ్మలు చెప్పే మాటలో కొంత సత్యమున్నది. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా, తల్లిపాలు తప్ప మరేదీ పట్టకుండా, ముట్టు తిరిగి రాకుండా ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. మూడింటిలో ఒకటి తప్పినా చెల్లదు.

ఇక సహోదరులారా, మీకొక మాట. పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో దంపతులు కొంతకాలం ఎడబాటుగా ఉండే సంగతి చెప్పాడు. ఆ ఎడబాటు ఇద్దరి సమ్మతిని బట్టి కలగాలన్నాడు. భర్త శరీరం మీద భార్యకు కూడా అధికారం ఉన్నదన్నాడు. ఆ కాలంలో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! ఈ సమ్మతి లేని చోట పూసలైనా, సూచనలైనా నిలబడవు. మాత్ర భార్య ఒక్కతే మింగగలదు. ఈ పద్ధతి భార్య ఒక్కతే చేయలేదు. త్రాగి వచ్చి మాట వినని భర్త ఉన్న ఇంట్లో ఆమెకు థర్మామీటరు ఇవ్వడం అంటే ఆమె మీద మరొక భారం మోపడమే. అటువంటి సహోదరి డాక్టరు సలహాతో మాత్రో, మరొక సాధనమో వాడుకుంటే ఆమెను నేరస్థురాలిని చేయవద్దు. సంఘ పెద్దలారా, మనం మొదట మాట్లాడవలసింది ఆమె భర్తతో.

నేను చెప్పిన ఆ కుటుంబం ఈనాటికీ మన సంఘంలోనే ఉన్నది. ఏడవ నెలలో పుట్టిన ఆ బిడ్డ ఇప్పుడు సండేస్కూల్లో పాటలు నేర్పుతున్నాడు. వాణ్ణి చూసినప్పుడల్లా దేవుని స్తుతిస్తాను, నా తప్పునూ జ్ఞాపకం చేసుకుంటాను. క్రిందటి సంవత్సరం ఒక కొత్త జంట ఇదే ప్రశ్నతో వచ్చినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేదు. ముందు ఆ అబ్బాయిని అడిగాను, "నాయనా, నీ భార్య నెలసరి తేదీలు నీకు తెలుసా?" అతడు తల వంచుకున్నాడు. "అయితే మొదట అవి తెలుసుకో. ఒక నోటుపుస్తకం కొను. తేదీలు నీ చేతితో వ్రాయి. తరువాత మీరిద్దరూ డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళండి. ఆ తరువాత నా దగ్గరకు రండి, ప్రార్థన చేసుకుందాం" అన్నాను. మూడు నెలలకు వచ్చారు. పుస్తకం అతడి చేతిలోనే ఉన్నది.

మన దినములు లెక్కించుకొనే జ్ఞానం కోసం దైవజనుడైన మోషే ప్రార్థించాడు. ఆ ప్రార్థన మన ఆయుష్కాలమును గూర్చినదే. అయినా ఒక ఇంటిలో భార్యాభర్తలు ఒకరి దినములు ఒకరు ప్రేమతో లెక్కించుకొనే జ్ఞానం కూడా ఆ దేవుడే అనుగ్రహిస్తాడని నా నమ్మకం. అట్టి జ్ఞానము మీ ఇంటికి, మా ఇంటికి ఆయన దయచేయును గాక. ఆమేన్.